అమెరికా పాఠాన్ని ఓడలతో మొదలుపెట్టకండి

సాంఘిక శాస్త్రం పాఠాలు, గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్ రాస్తున్న పెద్దలందరికీ నమస్కారం.

నేను పల్నాటి వైపు ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్‌ని. ఫిబ్రవరి వచ్చిందంటే మా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. మిరప కోతలు. పిల్లలు అమ్మానాన్నల వెంట చేలోకి పోతారు, వారం పది రోజులకు తిరిగొస్తారు. వచ్చాక కూడా రెండు రోజులు చేతులు మండుతూనే ఉంటాయి. కళ్లు నులుముకోవద్దని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలా కోతల నుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ రోజు భౌగోళిక అన్వేషణల పాఠం. 1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు, తర్వాత కోర్తెస్ అజ్‌టెక్‌లను ఓడించాడు, పిజారో ఇంకాలను ఓడించాడు. నా చేతిలో ఉన్న పుస్తకంలో ఇంచుమించు ఇంతే ఉంది. ఆ పిల్ల లేచి నిలబడి, "టీచర్, అక్కడ మనుషులు ఉన్నారు కదా. మరి వాళ్లు అప్పటిదాకా ఏం చేస్తున్నారు?" అంది.

"అది సిలబస్‌లో లేదమ్మా" అన్నాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను అన్న మాట అది. ఆ పిల్ల కూర్చుంది గానీ నాకు మాత్రం ఆ సాయంత్రమంతా మనసు కుదుటపడలేదు. ఆ వేసవి సెలవుల్లో దొరికినదల్లా చదివాను. ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. చదివేకొద్దీ నాకు తెలిసింది ఒక్కటే: మన పాఠాల్లో ఆ మనుషులు ఓడిపోవడానికి మాత్రమే తెర మీదికి వస్తారు. అంతకు ముందు వాళ్లు లేరు, ఆ తర్వాతా లేరు. దీన్ని మార్చమని అడగడానికే మీకు రాస్తున్నాను.

ఆ పిల్ల ప్రశ్నకు మొదటి జవాబు ఆ పిల్ల చేతుల్లోనే ఉంది. ఆ మంట మిరపది. ఆ మిరపను అడవి మొక్కల్లోంచి ఏరి, గింజ దాచి, వేల ఏళ్ల పాటు సాగు చేసి పంటగా నిలబెట్టింది మెక్సికో ప్రాంతపు రైతులు. పోర్చుగీసు ఓడల్లో అది మన తీరానికి వచ్చింది. అంతకు ముందు మన వంటల్లో కారమంటే మిరియమే. పల్లీలు దక్షిణ అమెరికావి. జామ, బొప్పాయి, సీతాఫలం, జీడిమామిడి, టమాటా, ఆలుగడ్డ, అన్నీ ఆ ఖండాలవే. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే బంతిపూలు కూడా మెక్సికోవే. అక్కడ నవంబరు మొదట్లో చనిపోయిన పెద్దల్ని తలుచుకునే రోజుల్లో ఆ పూలతోనే సమాధులు అలంకరిస్తారు. మన గుమ్మానికి తోరణమైన పువ్వు, వాళ్ల పెద్దలకు దారి చూపే పువ్వు. ఈ సంగతి చెప్పిన రోజు మా క్లాసంతా ఒక్కసారిగా గోల గోల. బంతి మనది కాదంటే నమ్మం అన్నారు.

మొక్కజొన్న సంగతి ఇంకా గొప్పది. దాని మూలం తెయోసింతే అనే ఒక గడ్డి. ఒక్కో కంకికి పదో పన్నెండో గింజలు, ఒక్కో గింజకు రాయిలాంటి పెంకు. నైరుతి మెక్సికోలోని బల్సాస్ నది లోయలో సుమారు 9,000 ఏళ్ల కిందట ఆ గడ్డిని పట్టుకుని తరతరాలు ఎంచి ఎంచి విత్తి, ఇవాళ మనం బొగ్గుల మీద కాల్చుకుతినే పొత్తుగా మార్చారు. అంతేకాదు, గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బేవాళ్లు. దానివల్ల గింజలో ఉండే ఒక విటమిన్ ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్లు మొక్కజొన్నను తీసుకుపోయారు గానీ ఈ సున్నం పద్ధతిని వదిలేశారు. ఫలితంగా మొక్కజొన్న మీదే బతికిన ఇటలీ, స్పెయిన్ పల్లెల్లో పెల్లగ్రా రోగం పుట్టి లక్షల మందిని పీడించింది. మెక్సికో ఆడవాళ్లు వంటింట్లో రోజూ చేసే పని వెనక ఎంత తెలివి ఉందో ప్రపంచానికి అర్థమయ్యేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది. మీ పుస్తకంలో దీనికి నాలుగు వాక్యాలు చాలు. పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇక కాలం సంగతికి వస్తాను. ఆరో తరగతిలో హరప్పా చెబుతాం, ఈజిప్టు పిరమిడ్లు చెబుతాం. సరిగ్గా ఆ కాలంలోనే, అంటే సుమారు క్రీ.పూ. 2600 నాటికి, పెరూలోని సూపే లోయలో కరాల్ అనే పట్టణం ఉంది. పిరమిడ్ల లాంటి కట్టడాలు, మధ్యలో గుండ్రటి గుంట మైదానాలు, పక్షుల ఎముకలతో చేసిన పిల్లనగ్రోవులు దొరికాయి. రూత్ షాడీ అనే పెరూ పురావస్తు శాస్త్రవేత్త దశాబ్దాల పాటు తవ్వి బయటపెట్టారు. 2009లో యునెస్కో గుర్తించింది. మొహెంజోదారో బొమ్మ పక్కన కరాల్ బొమ్మ ఒకటి వేస్తే ఏం పోతుంది? నాగరికతలంటే నైలు, యూఫ్రటీస్, సింధు, హొయాంగ్ హో అని నాలుగు నదుల పేర్లు బట్టీ పట్టిస్తున్నాం. సూపే నది కూడా ఒకటుందని తెలిస్తే పిల్లల బుర్రలో ప్రపంచ పటం కొంచెం పెద్దదవుతుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది అజ్‌టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్ గురించి మన పుస్తకాల్లో ఏమీ లేకపోవడం. ఎందుకంటే దానికి సరిజోడు మన పిల్లలకు బాగా తెలుసు. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ హంపీకి వచ్చాడు. నగరం రోమ్ అంత పెద్దదనిపించిందని, ఇంత సమృద్ధిగా సరుకు దొరికే ఊరు ప్రపంచంలో లేదని రాశాడు. ఇది పిల్లలు చదువుతారు, పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. సరిగ్గా అదే సమయంలో, 1519 నవంబరు 8న, ఎర్నాన్ కోర్తెస్ మనుషులు ఒక సరస్సు మధ్యలో కట్టిన నగరంలోకి అడుగుపెట్టారు. వాళ్లలో బెర్నాల్ డియాస్ అనే సైనికుడు ముసలితనంలో రాసుకున్నాడు: ఇది కల కాదు కదా అని మాలో కొందరు ఒకరినొకరు అడిగారని, రోమ్, కాన్‌స్టాంటినోపుల్ చూసి వచ్చిన సైనికులు కూడా ఇంత పద్ధతిగా ఉన్న సంత ఎక్కడా చూడలేదన్నారని. చూడండి, హంపీని చూసినవాడికీ రోమే గుర్తొచ్చింది, తెనోచ్‌తిత్లాన్‌ను చూసినవాళ్లకూ రోమే గుర్తొచ్చింది. ఒకటి మనకు పాఠమైంది. రెండోది "కోర్తెస్ ఓడించాడు" అన్న రెండు మాటల్లో కలిసిపోయింది.

ఆ నగరాన్ని కట్టిన అజ్‌టెక్‌లు తమను మెషీకా అని పిలుచుకునేవాళ్లు. మెక్సికో అన్న పేరు అందులోంచి వచ్చిందే. 1325లో కట్టడం మొదలుపెట్టారని వాళ్ల సంప్రదాయం. కోర్తెస్ వచ్చేనాటికి అక్కడ రెండు లక్షల దాకా జనం ఉండేవారని చాలామంది చరిత్రకారుల అంచనా. సరస్సులో మెరకలు వేసి పంట పండించారు. ఆ మడుల్ని చినాంపాలు అంటారు. నీళ్లు లోతు లేనిచోట కర్రలు పాతి, తడకలు అల్లి, అడుగు బురదనూ నీటిమొక్కల్నీ తోడి పొరలు పొరలుగా పోసేవాళ్లు. గట్టు జారకుండా మూలల్లో చెట్లు నాటేవాళ్లు. చుట్టూ కాలవలే కాబట్టి తడి పెట్టే పని లేదు, ఏడాదికి పలు పంటలు. ఇప్పటి మెక్సికో నగరంలోని సోచిమిల్కోలో ఇవాళ్టికీ ఆ మడుల్లో కూరగాయలు, పూలు పండిస్తున్నారు. మాది సాగర్ కుడి కాలువ ఆయకట్టు. కాలవ నీళ్ల కోసం ఎదురుచూసే రైతుల పిల్లలకు చినాంపా గురించి చెబితే ఎలా కళ్లింత చేసుకుని వింటారో మీరు ఒకసారి వచ్చి చూడాలి.

తాగునీటికి చాపుల్తెపెక్ గుట్ట ఊటల నుంచి జంట కాలవలు తెచ్చారు. ఒక దాంట్లో నీళ్లు పారుతుంటే రెండోది శుభ్రం చేసేవాళ్లు. నగరంలోని త్లతెలోల్కో సంతలో రోజూ అరవై వేల మంది అమ్మకాలు కొనుగోళ్లు చేస్తారని కోర్తెస్ తన రాజుకు రాసిన ఉత్తరంలో చెప్పాడు. మందు మొక్కలకు ఒక వీధి, మంగలి దుకాణాలు, తేనె, నూలుబట్ట, పక్షి ఈకలు, టర్కీ కోళ్లు, గుట్టలు గుట్టలుగా మిరపకాయలు. చిల్లరకు కోకో గింజలు. సంత పక్కనే ఒక ఇంట్లో పదీ పన్నెండు మంది తీర్పరులు కూర్చునేవాళ్లు, తగువు వస్తే అక్కడికక్కడే తేల్చేవాళ్లు. దొంగ కొలపాత్ర కనబడితే పగలగొట్టేవాళ్లు. మిర్చి యార్డులో తూకం దగ్గర, తాలు కాయల దగ్గర మోసపోయి ఇంటికొచ్చిన నాన్నల్ని చూసిన పిల్లలు ఈ ముక్క దగ్గర నన్ను ఆపి, "నిజంగా పగలగొట్టేవాళ్లా టీచర్?" అని మళ్లీ మళ్లీ అడిగారు.

ఆ సంతలో బానిసల్ని కూడా అమ్మేవాళ్లు. గుళ్లలో నరబలులు ఇచ్చేవాళ్లు. దాన్ని దాచమని నేను అడగడం లేదు. 2015లో, తెనోచ్‌తిత్లాన్ మీదే కట్టిన మెక్సికో నగరం నడిబొడ్డున పాత ఇళ్ల కింద తవ్వితే, స్పానిష్ వాళ్లు రాసిన పుర్రెల గోడ నిజంగానే బయటపడింది. చుట్టుపక్కల రాజ్యాల మీద మెషీకాలు కప్పం వేసి పీడించారు. అది కూడా రాయండి. కానీ నరబలి ఒక్కటే రాసి, కాలవలూ సంతలూ బడులూ వదిలేస్తే అది చరిత్ర కాదు. అదే శతాబ్దంలో యూరప్ నడివీధుల్లో మనుషుల్ని మతం పేరుతో కట్టేసి కాల్చారు. అది చెప్పి యూరప్ పాఠం ముగించేయడం లేదు కదా మనం.

ఇప్పుడు యుద్ధం దగ్గరికి వద్దాం. కొన్ని వందల మంది స్పానిష్ సైనికులు మహా సామ్రాజ్యాన్ని ఎలా గెలిచారు? గైడ్లలో జవాబు: గుర్రాలు, తుపాకులు. పిల్లలకు దీనివల్ల అర్థమయ్యేది ఏమిటంటే అక్కడివాళ్లు తెలివితక్కువ వాళ్లని. జరిగింది వేరు. మెషీకాల పీడన పడలేని త్లాష్కాలా రాజ్యం కోర్తెస్‌తో ముందు యుద్ధం చేసింది, తర్వాత పొత్తు పెట్టుకుంది. చివరి ముట్టడిలో కోర్తెస్ పక్కన నిలబడింది పదుల వేల మంది స్థానిక యోధులు. వాళ్లు లేకపోతే స్పానిష్ వాళ్లకు తిండి లేదు, దారి తెలియదు, గెలుపు లేదు. మాట కూడా లేదు. మలిన్‌త్సిన్ అనే యువతి, చిన్నప్పుడే బానిసగా చేతులు మారిన అమ్మాయి, మెషీకాల నావాత్ల్, మాయా భాషలు రెండూ వచ్చినది, కోర్తెస్‌కు నోరూ చెవీ అయ్యింది. ఆమె పేరు మన పుస్తకాల్లో నేను ఎక్కడా చూడలేదు.

1520 మే నెల గురించి రెండు మాటలు. ఆ నెలలో రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానును ఓడించాడు. ఇది మనకు తెలుసు. అదే నెలలో తెనోచ్‌తిత్లాన్ పెద్దగుడి ఆవరణలో తోష్కాత్ల్ పండగ. ఆయుధాలు లేకుండా, నగలు పెట్టుకుని, డప్పుల దరువుకు నాట్యం చేస్తున్న వందల మంది మీద కోర్తెస్ సేనాని పెద్రో దె అల్వరాదో మనుషులు నాలుగు వాకిళ్లూ మూసి కత్తులు దూశారు. డప్పు కొడుతున్నవాడి చేతులు నరికేశారని నావాత్ల్ మాట్లాడే నావా జనం చెప్పింది చెప్పినట్టు రాయించిన పుస్తకం ఉంది. దాన్ని ఇప్పుడు ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటున్నారు. బెర్నార్దినో దె సాగూన్ అనే ఫాదరీ, ఆంతోనియో వలేరియానో లాంటి నావా పండితులు దశాబ్దాల పాటు పనిచేసి నావాత్ల్‌లో, స్పానిష్‌లో, వేల బొమ్మలతో 12 భాగాలుగా తయారుచేశారు. ఓడినవాళ్లు తమ ఓటమిని తమ భాషలో చెప్పుకున్నది ఇంత వివరంగా దొరకడం ప్రపంచ చరిత్రలోనే అరుదు. అయినా మన పిల్లలు కోర్తెస్ వైపు కథే చదువుతున్నారు.

ఆ ఏడాదే మశూచి వచ్చింది. మన అవ్వలు పెద్ద అమ్మవారు అని చేతులెత్తి దండం పెట్టి భయపడ్డ రోగమే. అక్కడ అంతకు ముందు ఎవరికీ రాలేదు, ఎవరి ఒంట్లోనూ దాన్ని తట్టుకునే శక్తి లేదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి పడకేస్తే నీళ్లిచ్చే దిక్కు లేక, ఆకలికి చచ్చిపోయినవాళ్లు చాలామంది అని ఆ కోడెక్స్‌లోనే ఉంది. మెషీకా చక్రవర్తి మోక్తెసుమా తర్వాత గద్దెక్కిన క్వితలావాక్ ఎనభై రోజులకే ఆ రోగంతో పోయాడు. ఆ మిగిలిన జనం, అతని తర్వాత రాజైన క్వావుతేమోక్, మంచినీళ్ల కాలవ తెగ్గొట్టినా రెండున్నర నెలలు వీధి వీధికీ పోరాడి 1521 ఆగస్టు 13న లొంగిపోయారు. "కోర్తెస్ ఓడించాడు" అన్న మాట వెనక ఇంత ఉంది.

పెరూలోనూ ఇదే వరస. పిజారో వచ్చేసరికే వాయ్నా కపాక్ చక్రవర్తి చనిపోయాడు, అదీ రోగం వల్లేనని ఎక్కువమంది అభిప్రాయం. కొడుకులు వాస్కర్, అతవాల్పా మధ్య అన్నదమ్ముల యుద్ధం. 1532 నవంబరు 16న కహమార్కాలో 168 మంది స్పానిష్ వాళ్లు అతవాల్పాను పట్టుకున్నారు. ఒక గది నిండా బంగారం, రెండుసార్లు వెండి ఇప్పిస్తానన్నాడు, ఇప్పించాడు. అయినా మరుసటి ఏడాది చంపేశారు. మన పాఠం ఇక్కడ ఆగిపోతుంది. నిజానికి 1536లో మాంకో ఇంకా అనే రాజు తిరగబడి ఇంకాల రాజధాని కుస్కోను నెలల తరబడి ముట్టడించాడు. విల్కబాంబా అడవుల్లో ఇంకాల రాజ్యం 1572 దాకా నిలిచింది. గ్వాటెమాలాలో మాయాల చివరి రాజధాని నొహ్‌పెతెన్ పడింది 1697లో, అంటే కొలంబస్ తర్వాత రెండు వందల అయిదేళ్లకు. రెండు వందల ఏళ్ల ప్రతిఘటనను ఒక్క వాక్యంలో మింగేయకండి.

ఆ తర్వాత ఇప్పటి బొలీవియాలోని పోతోసి కొండ. 1545లో అక్కడ వెండి బయటపడింది. ఊళ్లకు ఊళ్లు వంతుల వారీగా మనుషుల్ని గనుల్లోకి పంపాల్సి వచ్చింది. ఆ ఖండం వెండి ప్రపంచమంతా తిరిగింది. మన మచిలీపట్నం రేవులో కలంకారీ బట్టలు కొన్న డచ్చి, ఇంగ్లీషు వర్తకులు చెల్లించిన వెండిలో కూడా అది ఉంది. మచిలీపట్నం పాఠంలో ఈ ఒక్క మాట చేర్చితే రెండు పాఠాలూ ఒకదానికొకటి ముడిపడతాయి.

ముడి అంటే గుర్తొచ్చింది. కిపు గురించి చెప్పాలి. ఇంకాలకు మనలాంటి లిపి లేదు. తాళ్ల మీద ముడులు వేసి లెక్కలు దాచేవాళ్లు. క్లాసులో పురికొస తెచ్చి చేయించాను. ఆ రోజు హాజరు 43. తాడు పైభాగంలో పదుల స్థానం: నాలుగు మామూలు ముడులు. కొంత ఖాళీ వదిలి, కింద ఒకట్ల స్థానం: మూడు చుట్లు తిప్పిన ఒక పొడుగు ముడి. అంతే, 43. మర్నాడు ముగ్గురు రాలేదు. నలభై ఎలా వేయాలి? నాలుగు ముడులు వేసి కింద ఖాళీ వదిలేయడమే. "అంటే టీచర్, ఖాళీయే సున్నా!" అన్నాడు వెనక బెంచీ పిల్లవాడు. ఆ మాట వాడి నోటి నుంచి రావడం నా సర్వీసులో మంచి రోజుల్లో ఒకటి.

అప్పుడే మాయా అంకెలు కూడా బోర్డు మీద వేశాను. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే అయిదు, గవ్వలాంటి గుర్తు అంటే సున్నా. ఇరవైల లెక్క. పైన రెండు చుక్కలు, కింద మూడు చుక్కలు వేస్తే 43. పైన రెండు చుక్కలు, కింద గవ్వ వేస్తే 40. సున్నా మన దేశం ఇచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. సముద్రాల అవతల మన గురించి తెలియని మనుషులు తమంతట తాము అదే ఆలోచనకు వచ్చారని చెబితే మన గొప్ప తగ్గదు. ఇద్దరికీ ఒకే ఊహ తట్టిందే అని పిల్లలకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ మాయాలు మర్రిజాతి చెట్టు బెరడును సాగగొట్టి, సున్నం పూత పూసి, మడతలు మడతలుగా పుస్తకాలు చేసేవాళ్లు. శుక్రగ్రహం ఎప్పుడు కనబడుతుందో, గ్రహణాలు ఎప్పుడు వస్తాయో పట్టికలు వేసేవాళ్లు. 1562 జులై 12న మెక్సికోలోని యుకాతాన్ ప్రాంతంలో మాని అనే ఊళ్లో దియేగో దె లాందా అనే ఫాదరీ దొరికిన పుస్తకాలన్నీ కుప్ప పోసి తగలబెట్టించాడు. వాళ్లు దానికి ఎంతో కుమిలిపోయారని తనే రాసుకున్నాడు. మొత్తం ఆ నాగరికత పుస్తకాల్లో నాలుగంటే నాలుగు మిగిలాయి. మన తాళపత్రాలు చెదలు పట్టి పోతుంటే పోగేసి, నకళ్లు రాయించిన బ్రౌన్ దొర మనకు దొరికాడు. వాళ్లకు దొరికింది లాందా. మళ్లీ ఆ లాందాయే తన నివేదికలో కొన్ని మాయా అక్షరాల గుర్తులు రాసిపెట్టాడు. వాటిని ఆధారం చేసుకునే 1952లో యూరీ క్నొరోజోవ్ అనే సోవియట్ పండితుడు ఆ లిపి చదివే దారి కనిపెట్టాడు. ఇవాళ మాయా పిల్లలు తమ పూర్వీకుల రాతలు నేర్చుకుంటున్నారు.

ఉత్తర అమెరికా సంగతి పెద్దగా చెప్పను. మన ఊళ్ల పిల్లలు చదువుకు, ఉద్యోగానికి వెళ్లే సెయింట్ లూయిస్‌కు నది అవతలే కహోకియా ఉంది. 1100 ప్రాంతంలో పది నుంచి ఇరవై వేల మంది ఉన్న పట్టణం. దాదాపు 30 మీటర్ల ఎత్తు దిబ్బ, అంతా బుట్టలతో మోసి పోసిన మట్టి. అక్కడున్న మనవాళ్లు సెలవు రోజున ఒకసారి చూసి రావాలని నా కోరిక.

ఇప్పుడు మాటల గురించి. "కనుగొన్నాడు" అని రాయకండి. 1492 అక్టోబరు 12న కొలంబస్ దిగిన దీవికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ఉంది, గ్వానహానీ. జనం ఉన్న ఊరిని కనుగొనడం ఏమిటి? పైగా అది ఉత్త మాట కాదు. ఆ మాట మీదే దస్తావేజులు పుట్టాయి. 1493లో పోపు అలెగ్జాండర్ ఇచ్చిన ఆజ్ఞాపత్రాలతో ఆ నేలను స్పెయిన్ తనదనుకుంది. దాన్నే తర్వాత "కనుగొన్నవాడిదే హక్కు" అన్న సిద్ధాంతంగా మార్చారు. 2023 మార్చి 30న వాటికన్ స్వయంగా ఆ సిద్ధాంతాన్ని తిరస్కరించింది. వాటికన్ వదిలేసిన మాటను మన బిట్ బ్యాంకులు ఇంకా పట్టుకుని ఉన్నాయి.

"రెడ్ ఇండియన్లు" అన్న మాట కూడా తీసేయండి. ఇండియాకు చేరాననుకున్న ఒక మనిషి పొరపాటు పడి మన పేరు వాళ్లకు పెట్టాడు. దాని ముందు ఒంటి రంగు తగిలించారు. వాళ్లకు సొంత పేర్లున్నాయి: తాయినో, మెషీకా, మాయా, కెచువా, ఐమారా, చెరోకీ, నవాహో. అందరినీ కలిపి చెప్పాల్సి వస్తే అమెరికా మూలవాసులు అనండి.

ఇంకొకటి. "ఆ విధంగా ఈ నాగరికతలు అంతరించాయి" అనే వాక్యం. రాజ్యాలు పోయాయి. రోగాలతో, గనుల చాకిరీతో, యుద్ధాలతో జనం ఘోరంగా తగ్గిపోయారు. నూట యాభై ఏళ్లలో పదిలో తొమ్మిది మంది పోయారని చాలా మంది పరిశోధకులు అంచనా వేస్తారు. కానీ మనుషులు అంతరించలేదు. మెక్సికోలో సుమారు 16 లక్షల మంది ఈరోజు నావాత్ల్ మాట్లాడుతున్నారు. ఆండీస్ కొండల్లో కెచువా మాట్లాడేవాళ్లు 80 లక్షలకు పైనే. పెరూ ఆ భాషకు 1975లో అధికార హోదా ఇచ్చింది. కీచే మాయా మహిళ రిగోబెర్తా మెంచూకు 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పెరూలో అపురిమాక్ నది మీద కెస్వచాకా అనే వంతెన ఉంది. మొత్తం గడ్డితో పేనిన తాళ్లదే. ఏటా జూన్‌లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంటింటికీ ఇంత తాడు అని పేనుకొచ్చి, పాతది నదిలోకి కోసేసి, మూడు నాలుగు రోజుల్లో కొత్తది అల్లేస్తారు. ఇంకాల నాటి నుంచి అలాగే. అంతరించిన నాగరికత ఏటా కొత్త వంతెన అల్లుకోదు కదా.

పోయిన ఏడాది ఒక ప్రైవేటు టాలెంట్ టెస్టులో "అమెరికాను కనుగొన్నది ఎవరు?" అని బిట్ వచ్చింది. నేను మొదట చెప్పిన ఆ అమ్మాయి నాలుగు ఆప్షన్లూ వదిలేసి, పక్కన పెన్నుతో "అక్కడ ముందే మనుషులు ఉన్నారు" అని రాసింది. మార్కు పోయింది. ఆ ఒక్క మార్కుతో బహుమతి కూడా పోయింది. పిల్ల ఏడవలేదు గానీ, "తప్పు రాశానా టీచర్?" అని అడిగింది. తప్పు కాదని నేను చెప్పగలను. ఆ మార్కు మాత్రం నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

కొత్త పాఠం మొత్తం రాయమని కూడా నేను అడగడం లేదు. సిలబస్ బరువు నాకు తెలుసు, పరీక్షల టెన్షన్ తెలుసు. హరప్పా పక్కన కరాల్ బొమ్మ, హంపీ పక్కన తెనోచ్‌తిత్లాన్ గురించి ఒక పేరా, "కనుగొన్నాడు" బదులు "చేరాడు", క్వావుతేమోక్, మలిన్‌త్సిన్ లాంటి నాలుగు పేర్లు, కిపు ముడితో ఒక కృత్యం. రెండు పేజీలకు మించదు. నేను క్లాసులో వాడిన కాగితాలు, బొమ్మలు, కిపు లెక్కలు అన్నీ జాగ్రత్తగా పెట్టాను. మీలో ఎవరికి కావాలన్నా ఇస్తాను, నా పేరు వేయనక్కర్లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈసారీ కోతలకు వెళ్లింది. నిన్న బడికి వచ్చి, కల్లంలో కాయలు ఆరబోస్తుంటే వాళ్ల నాన్నమ్మకు మెక్సికో సంగతి చెప్పానంది. నాన్నమ్మ నమ్మలేదట. "పుస్తకంలో ఉంటే చూపించు" అందట.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
పల్నాడు